రెండో గడి

సంచి అడుగున ముందు చెప్పులు పెట్టింది పురుగుల పిల్ల. వాటి మీద తువ్వాలు, తువ్వాలు మీద మూడు జతల బట్టలు, అన్నిటికీ పైన చెల్లెలి కోసం కొన్న ఉన్ని టోపీ. ఆపరేషన్‌కి ముందు తల గొరిగేస్తారట. టోపీని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. చివరికి మడవడం మానేసి, బట్టల మధ్య చేత్తో గుంటలా నొక్కి అందులో కూర్చోబెట్టింది, గూట్లో గుడ్డు పెట్టినట్టు.

"పన్నెండు రోజులకి ఇవేం సరిపోతాయే?" అంది మంచం అంచున కూర్చున్న ముద్రమ్మ.

"సరిపోతాయి పిన్నీ. సంచి నిండా సర్దుకుంటే మళ్ళీ రానేమోనని మా ప్రొఫెసర్‌కి గుండె ఆగిపోతుంది."

"ఆయన గుండె సంగతి సరే, నా గుండె సంగతి చూడు. దువ్వెన పెట్టావా?"

"పెట్టాను."

"మందులు? ఆ కడుపునొప్పి గోలీలు?"

"పెట్టాను పిన్నీ. ఆపరేషన్ నాకు కాదు."

ముద్రమ్మ నవ్వలేదు. ఎవరైనా సంచి సర్దుతుంటే ఆమెకు నవ్వు రాదు. జిప్పు లాగే చప్పుడు వినగానే, వెళ్ళే మనిషి తిరిగి రాదేమోనన్న దిగులు పట్టుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది తగ్గిపోతుందనుకుంది. తగ్గలేదు సరికదా, వయసుతో పాటు ముదిరింది.

ఆమె అసలు పేరు విశ్వవిద్యాలయంలో జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. విదేశీ విద్యార్థుల సహాయ కేంద్రంలో మొదటి కిటికీ ఆమెది. గుండ్రటి రబ్బరు ముద్ర ఆమె సొరుగులో ఉంటుంది. అది పడకుండా పరాయి దేశపు పిల్లలెవరూ గది అద్దెకు తీసుకోలేరు, ఆస్పత్రిలో చేరలేరు, ఇంటికెళ్ళి తిరిగి రాలేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ కిటికీ ముందు నిలబడిన పిల్లలంతా కలిసి పెట్టిన పేరు ముద్రమ్మ. ఈ పిల్లకి పేరు పెట్టింది మాత్రం ఆవిడే. మూడేళ్ళ కిందట ఒకరోజు ముద్ర కొట్టబోతుంటే ఈ పిల్ల చొక్కా చేతిలోంచి నువ్వుగింజంత నల్ల పురుగొకటి జారి కాగితం మీద పడింది. "ఆగండి, ఆగండి! చంపకండి! అది నాలుగో తరం!" అని కిటికీలోంచి రెండు చేతులూ లోపలికి చాపేసింది. వరుసలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి పురుగుల పిల్ల.

పిండిలో పెరిగే పురుగులవి. మందు కలిపిన పిండిలో తరం వెనక తరం పెంచి, ఏ తరానికి మందు పనిచెయ్యడం మానేస్తుందో చూడాలి. ఇప్పుడు ఇరవై ఎనిమిదో తరం నడుస్తోంది. ముప్పయ్యో తరం పుట్టి, వాటిని లెక్కపెట్టి రాసేస్తే ఆ పిల్ల చదువు అయిపోయినట్టే. ఇంకో రెండు నెలలు.

ముద్రమ్మ భోజనం వేళలో అంత దూరం నడిచి హాస్టలుకి వచ్చింది ఈ సంచి చూడడానికి కాదు. ముద్ర వేసిన ప్రయాణపు కాగితం నకలు మనిషి దగ్గర ఉండాలి. పిల్ల పొద్దున ఏడుపు హడావిడిలో దాన్ని కిటికీ దగ్గరే వదిలేసి పోయింది.

"ఇదిగో. పాస్‌పోర్టులో పెట్టుకో. సంచిలో కాదు, ఒంటి మీద."

పిల్ల కాగితం విప్పి చూసింది. "ఇదేంటి పిన్నీ? నేను ప్రయాణం అని కదా అడిగాను? రెండో గడిలో టిక్ పెట్టారు?"

కాగితంలో రెండు గడులున్నాయి. మొదటిది 'ప్రయాణం', రెండోది 'తాత్కాలిక సెలవు'. పొద్దున ముద్రమ్మ పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం చేసి పిల్ల ల్యాబ్‌కి పరిగెత్తింది. పైన ఏ గడిలో ఏముందో చూసుకోలేదు.

"నీకు తెలీదు, ఊరుకో. మొదటి గడి అయితే ఏడు రోజులు దాటగానే హాజరు తగ్గిందని కంప్యూటరు ఉత్తరం పంపుతుంది. మొన్న జ్వరంలో నీకొకటి వచ్చింది కదా? రెండోది వస్తే ఈసారి పరీక్ష కమిటీ ముందు కూర్చోనివ్వరు. రెండో గడి అయితే ఏ ఉత్తరమూ రాదు. నిమ్మళంగా చెల్లెలి దగ్గర ఉండి రా."

"తప్పు కాదుగా?"

"నువ్వు పుట్టక ముందు నుంచి పెడుతున్నానే ఈ టిక్కు."

అది నిజం. చావులకీ ఆస్పత్రులకీ పరిగెత్తే పిల్లలకి ఆమె ఎప్పుడూ రెండో గడిలోనే టిక్ పెట్టేది. నియమాల పుస్తకం మొత్తంలో ఆమె తన ఇష్టప్రకారం దయ చూపించగలిగిన చోటు ఆ అరంగుళం గడి ఒక్కటే.

గేటు దగ్గర బస్సు వచ్చింది. పిల్ల సంచి భుజాన వేసుకుని, "ల్యాబ్‌లో అటెండరు తాతకి అంతా రాసి గోడకి అంటించాను. అయినా ఒక్కసారి వెళ్ళి చూడండి పిన్నీ, ఆయన జల్లెడ గట్టిగా ఊపుతాడు," అంది. మెట్టెక్కి వెనక్కి తిరిగి నవ్వింది. ముద్రమ్మ బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడి, ఆలస్యంగా పనిలోకి వచ్చింది. అది మార్చి మూడో తేదీ, గురువారం.

సోమవారం పొద్దున్న ముద్రమ్మ ఎప్పటిలాగే ముద్ర మీద తేదీ చక్రాన్ని గోటితో తిప్పి ఏడుకి తెచ్చింది, సిరా దిండు మీద రెండు చుక్కలు సిరా పోసి వేలితో రాసింది, పాత కాగితం మీద ఒకసారి కొట్టి చూసింది. కిటికీ తలుపు ఎత్తబోతుంటే పక్క కిటికీ మరిది కుర్చీని చక్రాల మీద దొర్లించుకుంటూ వచ్చాడు. అతను నిజంగా మరిది కాదు. పదహారేళ్ళుగా పక్కపక్కన కూర్చుని అతను వదినా అంటుంటే ఆమెకి అలా అలవాటైంది.

"వదినా, మీ పురుగుల పిల్ల చదువు మానేసిందా?"

"నీ నోట్లో మన్నుపడ. చెల్లెలికి ఆపరేషన్ అని వెళ్ళింది. పదిహేనో తేదీకి వస్తుంది."

"మరి ఇదేంటి?" నెల నెలా కేంద్ర కార్యాలయం నుంచి వచ్చే పట్టిక అతని చేతిలో ఉంది. నమోదు రద్దయిన వాళ్ళ పట్టిక. పదకొండో వరసలో ఆ పిల్ల పేరు. ఎదురుగా 'తాత్కాలిక సెలవు. నివాస అనుమతి ముగిసిన తేదీ: మార్చి 3.'

ముద్రమ్మ ఆ వరసని వేలితో అదిమిపెట్టి చదివింది. ఇంకోసారి చదివింది. "కంప్యూటరు తప్పు," అంది.

"కాదనుకుంటా వదినా," అని అతను గొంతు తగ్గించాడు. లేచి వెళ్ళి సర్క్యులర్ల ఫైలు పట్టుకొచ్చాడు.

ఆ ఫైలు టీ వేళకే తిరిగేది. అట్టకి దారంతో కట్టిన పెన్ను వేలాడుతూ ఉండేది. ఎవరి పేరు ఎదురుగా వాళ్ళు సంతకం గీకి పక్కవాళ్ళ వైపు తోసెయ్యాలి. చదవడానికని దాన్ని ఎవరూ తీసుకునేవారు కాదు. ఒకసారి కొత్తగా చేరిన ఒకావిడ రెండు చేతులతో పట్టుకుని చదవబోతే, "ఏమ్మా, టీ చల్లారిపోతుంది, అది రేపు కూడా ఉంటుంది," అని అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో ముద్రమ్మ కూడా ఉంది.

ఫిబ్రవరి పద్నాలుగు. ఏడు లైన్ల సర్క్యులరు. ఇకమీదట విదేశీ విద్యార్థులు, అతిథి పరిశోధకులు తాత్కాలిక సెలవు తీసుకుంటే చదువు ఆపేసినట్టే లెక్క. నమోదు అదే రోజు రద్దవుతుంది, నివాస అనుమతి కూడా. తిరిగి రావాలంటే కొత్తగా అర్జీ పెట్టుకోవాలి. కింద తొమ్మిది సంతకాలు. నాలుగోది ముద్రమ్మది. పక్కనే బిస్కెట్టు పట్టుకున్న వేలి నూనె మరక.

"నేను చదవలేదు," అంది.

"ఎవరు చదివారు? నేనూ చదవలేదు. నా అదృష్టం, ఈ నెలలో ఎవరూ చావుకి పోలేదు నా కిటికీలోంచి." అన్నాక అతనికే ఆ మాట బాగోలేదనిపించి కుర్చీ వెనక్కి దొర్లించుకున్నాడు.

బయట వరుసలో ఎవరో కిటికీ మీద వేలితో తట్టారు. ముద్రమ్మ తలుపు ఎత్తింది. మధ్యాహ్నం దాకా నలభై రెండు కాగితాల మీద ముద్ర కొట్టింది. ప్రతి కాగితంలో ముందు గడులు చూసింది, తరవాతే మనిషి మొహం.

డైరెక్టరు మంచి మర్యాదస్తుడు. ఎవరొచ్చినా కూర్చోమనేవాడు, తలుపు దాకా వచ్చి సాగనంపేవాడు. ముద్రమ్మ చెప్పినదంతా పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు.

"మీరు చేసింది మంచి మనసుతోనే అమ్మా. అది నాకు తెలుసు."

"అయితే ఒక ఉత్తరం రాయండి సార్. పట్టిక అందిన అయిదు పనిదినాల్లో, ఆఫీసు పొరపాటు అని డైరెక్టరు ఉత్తరం రాస్తే రద్దుని వెనక్కి తీసుకుంటారు. రూలు ఉంది. శుక్రవారం దాకా టైముంది."

"రూలు ఉంది." మూత టక్కుమంది. "ఈ ఏడు మన ఆఫీసు పొరపాట్లు రెండయ్యాయి. ఒకటి నా ముందున్నాయన చేసింది, ఒకటి నాది. మూడోది రాస్తే కేంద్రం నుంచి విచారణ దిగుతుంది. ఫైళ్ళన్నీ లాగుతారు. ఎవరి టిక్కులు ఎన్నేళ్ళుగా ఎక్కడ పడ్డాయో అన్నీ చూస్తారు. మీకు ఇంకా ఎంతుంది సర్వీసు?"

"ఏడు నెలలు."

"ఏడు నెలలు," అని ఆయన జాలిగా తల ఊపాడు. ఫారం ఆమె వైపు తిప్పాడు. "ఇక్కడ సంతకం ఎవరిది?"

"ఆ పిల్లదే. కానీ టిక్ నేను—"

"టిక్కుకి పేరుండదమ్మా. సంతకానికి ఉంటుంది. తనే సెలవు కోరింది, మనం ఇచ్చాం. వచ్చే ఏడు అర్జీ పెట్టుకుంటుంది. ఏడాదెంతలో తిరిగొస్తుంది? నేను మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. ఏమీ చెప్పకపోతే చాలు."

ఆయన తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

ఇంటికొచ్చేసరికి భర్త కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని ఎవరిదో చేతిగడియారం విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే, "ఏమోయ్, ఈ రోజు అడుగుల చప్పుడు తేడాగా ఉంది. ముద్ర అరిగిందా, మనిషి అరిగిందా?" అన్నాడు.

ఆమె చెప్పులు విడవకుండా కుర్చీలో కూర్చుని అంతా చెప్పింది. ఆయన భూతద్దం తీశాడు. గడియారం లోపలి చక్రాల మీద గిన్నె బోర్లించాడు, దుమ్ము పడకుండా.

"డైరెక్టరు రాయకపోతే దారి లేదా?"

"ఉంది. తప్పు చేసిన మనిషి స్వయంగా రిజిస్ట్రారు ముందు రాసివ్వచ్చు."

"రాసిస్తే నిన్నేం చేస్తారు?"

"తెలీదు. ఏమైనా చెయ్యచ్చు. ఇన్నేళ్ళలో ఇలాంటి టిక్కులు ఎన్ని పెట్టానో."

"అప్పుడు అవి తప్పు కాదుగా?"

"ఇప్పుడు తప్పయితే అప్పటివి కూడా తప్పుల్లాగే కనిపిస్తాయి."

పిల్లకి ఫోను చేసింది. అవతల ఆస్పత్రి వరండా చప్పుళ్ళు, బకెట్టు ఈడుస్తున్న చప్పుడు. "పిన్నీ! దానికి మెలకువ వచ్చింది! నన్ను గుర్తుపట్టింది. టోపీ ఇస్తే, ఇది కోతికి కొన్నావా అంది. మాట స్పష్టంగా వస్తోంది పిన్నీ!"

ముద్రమ్మ ఆ మాటలు పూర్తయ్యేదాకా ఆగింది. తరవాత చెప్పింది. గడి, సర్క్యులరు, బిస్కెట్టు, పట్టిక, అన్నీ. ఏదీ దాచలేదు. బకెట్టు చప్పుడు ఆగిపోయింది.

"అయితే నేను రాలేనా?"

"వస్తావు. ఎందుకు రావు? నేను రిజిస్ట్రారు దగ్గరికెళ్ళి తప్పు నాదని రాసిస్తాను."

"మీ ఉద్యోగమో?"

"ఏడు నెలల్లో ఎలాగూ ఇంటికి పంపేవాళ్ళే. నాలుగు రోజులు ముందు పంపితే మీ బాబాయి పక్కన కూర్చుని గడియారాలకి కీ ఇచ్చుకుంటాను." అలా అనాలనిపించి, నవ్వుతూ అంది. అవతల పిల్ల ఆ నవ్వుని వింది.

"పిన్నీ, తొందరపడకండి," అంది చివరికి.

ఆ మాటే తప్పయింది. ముద్రమ్మ తొందరపడలేదు. మంగళవారం ఉదయం రాస్తాననుకుంది. ఉదయం కిటికీ ముందు వరుస పెద్దదిగా ఉంది. మధ్యాహ్నం ల్యాబ్‌కి వెళ్ళింది, ముందు ప్రొఫెసరు చేత కూడా ఒక ముక్క రాయిస్తే బలంగా ఉంటుందని.

ల్యాబ్‌లో అటెండరు తాత పిండి జల్లిస్తున్నాడు, మెల్లగానే. జల్లెడలో మిగిలిన నల్లటి చుక్కలు కాళ్ళు విదిలిస్తున్నాయి. చిన్న కుంచెతో ఒక్కొక్కటీ గాజుపెట్టెలోకి తోస్తూ లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. గోడకి పిల్ల రాసిన కాగితం: 'తాతా, గట్టిగా ఊపితే కాళ్ళు విరుగుతాయి. విరిగినవాటిని లెక్కలో రాయకు, నాకు తెలిసిపోతుంది.'

ప్రొఫెసరు అలిసిపోయిన మనిషి. "నేనేం రాయను? నా విద్యార్థి మంచిదని రాస్తాను. మంచిది కాదని ఎవరన్నారు?" అన్నాడు. "నెలాఖరుకి ఈ గది వేరేవాళ్ళకి ఇవ్వాలి. తను పదిహేనుకి వచ్చేదైతే ఆపగలిగేవాణ్ణి. నమోదు లేని విద్యార్థి పేరు మీద గది ఎలా ఉంచను?" అని తాత వైపు చూశాడు. తాత కుంచె ఆపలేదు. "నూట పన్నెండు," అన్నాడు, ఎవరితోనూ కాదు.

బుధవారం ముద్రమ్మ కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇతరుల అర్జీలు దిద్దిన మనిషికి తన అర్జీ కుదరలేదు. 'తప్పు' అని రాస్తే చిన్నగా ఉంది, 'నేరం' అని రాస్తే పెద్దగా ఉంది. మూడు కాగితాలు చించింది. నాలుగోది పక్క కిటికీ మరిదికి చూపించింది. "బాగుందా? చదివి చెప్పు."

అతను చదివాడు. "బాగుంది వదినా," అన్నాడు. కళ్ళెత్తి ఆమె వైపు చూడలేదు. "ఇవ్వాలనే అనుకుంటున్నారా?"

"రేపు పొద్దున ఇస్తాను."

"ఇస్తే మన అందరి ఫైళ్ళూ లాగుతారు కదా వదినా."

ఆమె కాగితం మడిచి సొరుగులో పెట్టింది. అతను టీకి లేచాడు. టీ గది ఎడమవైపు. అతను కుడివైపుకి, డైరెక్టరు గది వైపుకి వెళ్ళాడు. ముద్రమ్మ చూసింది. చూసి కూడా, ఇంకేదో పని ఉండి ఉంటుందిలే అనుకుంది. రేపటికి ఇంకొక రాత్రే కదా అడ్డం అనుకుంది.

గురువారం రిజిస్ట్రారు మేడం గదిలో ఆమె వంతు పదకొండింటికి వచ్చింది. గదిలో ఒకే కుర్చీ. దాని మీద ఫైళ్ళున్నాయి. మేడం లేచి ఫైళ్ళు తీసి నేల మీద పెట్టి కూర్చోమంది. ముద్రమ్మ కూర్చోకుండా ఉత్తరం ఇచ్చింది.

మేడం మొదటినుంచి చివరిదాకా చదివింది. అంత నిదానంగా కాగితం చదివే మనిషిని ముద్రమ్మ ఆ విశ్వవిద్యాలయంలో ఎన్నడూ చూడలేదు. చదువుతుంటే ఆశ కలిగింది.

"ఇది మీరే రాశారా?"

"నేనే మేడం. ఆ పిల్ల ప్రయాణం అనే అడిగింది. టిక్ నేను పెట్టాను. సర్క్యులరు చదవకుండా సంతకం చేశాను. ఏ శిక్షయినా నాకే వెయ్యండి."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదు మేడం."

రిజిస్ట్రారు కంప్యూటరు తెరని కొంచెం పక్కకి తిప్పింది. "ఇది నిన్న సాయంత్రం వచ్చింది. డైరెక్టరు గారి ద్వారా. చదవండి."

ముద్రమ్మ కళ్ళద్దాలు సంచిలో వెతికింది. చేతికి దొరకలేదు. మేడమే చదివింది.

"'తాత్కాలిక సెలవు నేనే కోరి తీసుకున్నాను. రెండో గడిలో టిక్ పెట్టమని అడిగింది నేనే. కిటికీలో ఉన్న ఆవిడ వద్దనే చెప్పారు. నేనే వినలేదు. ఇందులో ఆఫీసు పొరపాటు ఏమీ లేదు.' కింద సంతకం ఉంది. పాస్‌పోర్టు నకలు కూడా జతచేసింది."

"అబద్ధం మేడం."

"ఆ అమ్మాయి తనకి నష్టం కలిగించే అబద్ధం ఎందుకు చెప్తుంది?"

ముద్రమ్మకి ఎందుకో తెలుసు. "నా కోసం," అంది.

"మీకేమవుతుంది?"

"ఏమీ కాదు. పిన్నీ అని పిలుస్తుంది."

మేడం చెడ్డ మనిషి కాదు. ముద్రమ్మ ఉత్తరాన్నీ ఆ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టింది. "రెండు కాగితాలు. మీరు తప్పు మీదంటున్నారు, ఆ అమ్మాయి తనదంటోంది. నేను నమ్మేది మిమ్మల్నే, అది చెప్తున్నాను. కానీ విద్యార్థి స్వయంగా ఒప్పుకుని సంతకం చేశాక ఆఫీసు పొరపాటు కింద తెరవడానికి నాకు అధికారం లేదు. మీరు మంగళవారమే వచ్చి ఉంటే ఇది ఒక్కటే కాగితంగా ఉండేది."

"మంగళవారం వరుస పెద్దదిగా ఉంది మేడం," అంది ముద్రమ్మ. అని, తనేం మాట్లాడుతోందో తనకే తెలిసి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడం ఉత్తరం తిరిగి ఇచ్చేసింది. "ఇది నా దగ్గరికి రాలేదు. ఉంచుకుంటే మీ మీద విచారణ వెయ్యాలి. ఆ అమ్మాయి ఇంత చేశాక అది కూడా ఎందుకు?"

మెట్ల దగ్గరే నిలబడి ఫోను చేసింది ముద్రమ్మ.

"ఎందుకు రాశావే? ఎవరు రాయమన్నారు?"

"డైరెక్టరు గారు నిన్న ఫోన్ చేశారు పిన్నీ. బాగా మాట్లాడారు. చెల్లెలి గురించి అడిగారు. విచారణ వస్తే మీ ముప్ఫై ఒక్క ఏళ్ళూ పోతాయన్నారు. నేనిలా రాస్తే వచ్చే ఏడు నా అర్జీయే మొదట చూస్తామన్నారు."

"కాగితం మీద రాసిచ్చాడా?"

"మాటిచ్చారు."

"ఆయన మాటకి ముద్రేదే!" అని అరిచింది ముద్రమ్మ. మెట్లెక్కుతున్న వాళ్ళు ఆగి చూశారు. "తిరగరాయి. బలవంతంగా రాయించారని రాయి. రేపు సాయంత్రం దాకా టైముంది. నా కోసం కాదు, ఆ పురుగుల కోసం రాయి. నాలుగేళ్ళు!"

"రాస్తే మిమ్మల్ని తీసేస్తారు."

"తియ్యనీ!"

"నేను రాయను పిన్నీ." ఆ గొంతులో ఏడుపు లేదు. "మీరు సోమవారం నవ్వుతూ చెప్పారు చూడండి, గడియారాలకి కీ ఇస్తానని. ఆ నవ్వు నాకు చెల్లెలి దగ్గర అలవాటే. భయం వేసినప్పుడు అదీ అలాగే నవ్వుతుంది. ఏడాదే కదా. మళ్ళీ ఒకటో తరం నుంచి మొదలుపెడతాను."

ముద్రమ్మకి ఇరవై మాటలు చెప్పాలనిపించింది. ఏడాదిలో డైరెక్టర్లు మారతారు, సీట్లు మారతాయి, నిబంధనలు మారతాయి, వెళ్ళినవాళ్ళకి వయసు మీద పడుతుంది, పెళ్ళో రోగమో అడ్డమొస్తుంది. ఏడాది ఆగి వస్తానన్న వాళ్ళ ఫారాలు తన బీరువాలో రెండు అరల నిండా ఉన్నాయి.

"దానికి దాహం వేస్తోందట. నీళ్ళిచ్చి చేస్తాను, పెట్టెయ్యండి," అంది పిల్ల.

ముద్రమ్మ పెట్టేసింది. పన్నెండింటికి కిటికీ తలుపు ఎత్తింది. వరుసలో మొదటి కుర్రాడు ప్రయాణపు ఫారం లోపలికి తోశాడు. తండ్రి పోయాడట. వెళ్ళి రావడానికి పదిరోజులు పడుతుందట. ఆమె పెన్ను మొదటి గడి మీద పెట్టి, "ఏడు రోజుల్లో వచ్చెయ్యాలి బాబూ," అంది. "పదిరోజులు పడుతుందమ్మా," అన్నాడతను. "ఏడు," అంది ఆమె, తలెత్తకుండా. ముద్ర కొట్టింది.

మార్చి పదిహేను మంగళవారం పురుగుల పిల్ల రావలసిన రోజు. ఆ రోజు రాలేదు. మరుసటి ఏడు జనవరిలో అర్జీ పెట్టింది. అప్పటికి డైరెక్టరు మారాడు, ముద్రమ్మ రిటైరయింది. మే పన్నెండున, ఖాళీలు లేవని జవాబు వెళ్ళింది. ఆ తరవాతి ఏడు ఆ పిల్ల అర్జీ పెట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.